‘మాన్‌స్టర్’కి ఒక్క లైనేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో తొంభైల నాటి ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ల మీద వేసిన వ్యాసం చదివానండి. తెలుగు పేపర్లో ఆర్.ఈ.ఎం. పేరు కనబడటమే నాకు పెద్ద సంతోషం, రాసినవాళ్లకి ముందు థ్యాంక్స్. కానీ అందులో ‘లూజింగ్ మై రిలిజియన్’ గురించి ఒక పేరా, ‘ఎవ్రీబడీ హర్ట్స్’ గురించి ఇంకో పేరా రాసి, 1994లో వచ్చిన ‘మాన్‌స్టర్’ ఆల్బం దగ్గరికొచ్చేసరికి గ్రంజ్ (అప్పట్లో అమెరికాలోని సియాటిల్ ఊరి నుంచి వచ్చిన మోత రాక్) గాలికి కొట్టుకుపోయి చేసిన ఆల్బం అన్న అర్థం వచ్చేలా ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు. ఈ మాట ముప్ఫై ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకుంటూ వస్తున్నదే, మీ రచయితని నేనేం తప్పుపట్టట్లేదు, కాకపోతే ఈ మధ్య ఆ బ్యాండ్ అభిమానులే ఈ ఆల్బంని మళ్లీ తీసి వింటున్నారు, మనం అన్యాయం చేశాం అంటున్నారు, అలాంటప్పుడు మన దగ్గర కూడా ఎవరో ఒకరు నాలుగు మాటలు రాయాలి కదా అని ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్.ఈ.ఎం. అంటే అమెరికాలో జార్జియా రాష్ట్రం ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్లో 1980లో పుట్టిన బ్యాండు. మైకేల్ స్టైప్ పాడతాడు, పీటర్ బక్ గిటారు, మైక్ మిల్స్ బేస్, బిల్ బెర్రీ డ్రమ్స్. పదేళ్లు కాలేజీ రేడియోల్లో పేరు తెచ్చుకుని, 1991లో ‘ఔట్ ఆఫ్ టైమ్’, 1992లో ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’ తో ప్రపంచమంతా తెలిసిపోయారు. ఆ రెండిట్లో వినబడేది ఎక్కువగా మాండొలిన్, అకూస్టిక్ గిటారు, వయొలిన్లు. మాండొలిన్ అంటే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గారే గుర్తొస్తారు, ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి అందరినీ ఒప్పించాడు, ఇక్కడేమో ఒక రాక్ గిటారిస్టు ఆ వాయిద్యం నేర్చుకుంటూ నేర్చుకుంటూ వాయించిన ముక్క ‘లూజింగ్ మై రిలిజియన్’ అయి కూర్చుంది. తమాషా ఏంటంటే ఆ పాట హిట్టయ్యాక జనం దృష్టిలో వాళ్లు నెమ్మదిగా, దిగులుగా పాడుకునే బ్యాండుగా ఫిక్సయిపోయారు. ఇంకో సంగతి, ‘గ్రీన్’ ఆల్బం టూరు 1989లో అయిపోయాక వాళ్లు పెద్ద టూరే చెయ్యలేదు, ఆ రెండు పెద్ద ఆల్బంలకి అసలు స్టేజీ ఎక్కి ఊళ్లు తిరగలేదు.

కాబట్టి 1994లో వాళ్ల ముందున్న విషయం చాలా సింపుల్. మళ్లీ టూరుకి వెళ్లాలి, పెద్ద పెద్ద స్టేడియంల్లో వాయించాలి, దానికి గట్టిగా మోగే పాటలు కావాలి. అందుకని మాండొలిన్ పక్కనపెట్టి పీటర్ బక్ ఎలక్ట్రిక్ గిటారు అందుకున్నాడు, యాంప్ (గిటారు సౌండుని పెంచే పెట్టె) సౌండు పెంచాడు. ఆ ఏడాది గ్రంజ్ జోరుమీద ఉంది నిజమే, సియాటిల్ బ్యాండ్లే రేడియో అంతా, దాంతో వీళ్లు కూడా ట్రెండు వెంట పడ్డారని అప్పుడే ఒక ముద్ర వేసేశారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, ఆ ముద్ర వేసినవాళ్లు గిటారు మోత విన్నారు గానీ ఆ గిటారు ఏం చేస్తోందో వినలేదు.

గ్రంజ్‌లో గాయకుడు తన సొంత బాధని తన గొంతుతోనే అరిచి చెప్తాడు, గిటారు ఆ అరుపుకి బలం. ‘మాన్‌స్టర్’లో పూర్తిగా ఉల్టా. ఇందులో స్టైప్ తన గురించి పాడడు, వేషాలు కడతాడు. ఒక పాటలో ఒకరి మీద పిచ్చి మోజుతో వెంటపడేవాడు, ఇంకో పాటలో ఎదుటివాడి పేరూ రూపం అన్నీ లాగేసుకునేవాడు, ‘టంగ్’ అనే పాటలో ఆడమనిషి తరఫున పైస్థాయిలో సన్నగొంతుతో పాడతాడు, ‘కింగ్ ఆఫ్ కామెడీ’లో సినిమా వ్యాపారం లాంటి ప్రపంచం మధ్య నిలబడి నేను అమ్ముడుపోయే సరుకుని కాను అంటాడు. సియాటిల్ కంటే డెబ్భైల్లో ఇంగ్లండులో మొహానికి రంగేసుకుని, మెరిసే బట్టలేసుకుని వాయించిన గ్లామ్ రాక్ బ్యాండ్లకే ఇది దగ్గర. ప్రపంచంలో అందరూ గుర్తుపట్టే మనిషి అయిపోయినవాడు తన మొహం ఎక్కడ దాచుకోవాలి అన్నదే ఈ ఆల్బం నిండా నడుస్తుంది, గిటారు మోత ఆ దాక్కోడానికి కట్టిన తెర. గొంతుని ఆ మోతలో సగం ముంచేసి మిక్స్ చేశారు, అది వాళ్లకి చేతకాక కాదు.

రెండో పాట ‘క్రష్ విత్ ఐలైనర్’ మొదటి అరనిమిషం వినండి చాలు. ట్రెమొలో అని ఒక ఎఫెక్టు ఉంటుంది, కొన్ని యాంపుల్లోనే ఉంటుంది, విడిగా కాలితో నొక్కే పెడల్ కూడా దొరుకుతుంది. మన గమకంలాంటిది అనుకునేరు, కాదు, గమకంలో స్వరం కదులుతుంది, ట్రెమొలోలో స్వరం అక్కడే ఉంటుంది, సౌండు మాత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నోరుపెట్టి ఆ... అని అరిస్తే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది చూడండి, అదే పని గిటారుకి. పీటర్ బక్ ఒకసారి తీగల్ని గట్టిగా మీటి వదిలేస్తాడు, అంతే, ఆ తర్వాత పాట లయ నడిపేది ఆ ఎఫెక్టే. చెయ్యి కొట్టేది తక్కువ, మెషీన్ కోసేది ఎక్కువ. అలా కోసిన సౌండు మీద స్టైప్ వంకరగా సాగదీసి పాడుతుంటే వెనకాల సోనిక్ యూత్ బ్యాండు గిటారిస్టు థర్‌స్టన్ మూర్ గొంతు కలిపాడు. పదేళ్లపాటు గిటారు మీద ఒక్కో తీగనీ విడివిడిగా గలగలా మీటడానికి పేరుపడ్డ మనిషి బక్, ఆ శైలిని వందలమంది కాపీ కొట్టారు, అతనే దాన్ని తీసి అవతల పెట్టేసి, ఎక్కువ వాయించకుండా సౌండుతోనే బొమ్మ కట్టడం మొదలుపెట్టాడు. దీన్ని ప్రయోగం అనకపోతే ఇంకేమంటారు?

మొదటి పాట ‘వాట్స్ ద ఫ్రీక్వెన్సీ, కెన్నెత్?’ మీలో కొందరైనా వినుంటారు, అప్పట్లో టీవీలో బాగా వచ్చేది. ఆ పేరు వెనక ఒక నిజంగా జరిగిన గొడవ ఉంది. 1986లో న్యూయార్క్‌లో సీబీఎస్ టీవీలో వార్తలు చదివే డాన్ రాదర్ అనే పెద్దాయన్ని రోడ్డు మీద పట్టుకుని కొడుతూ, కెన్నెత్, ఫ్రీక్వెన్సీ ఎంత అని అడిగారు, అర్థం పర్థం లేని ప్రశ్న, అమెరికాలో చాలాకాలం జనం నోట్లో నలిగింది. స్టైప్ దాన్ని తీసుకుని, కుర్రకారు భాషని అర్థం చేసుకోవాలని తెగ తాపత్రయపడి అర్థం కాక తల పట్టుకునే పెద్దమనిషి పాటగా మార్చాడు. రాదర్ ఏం కోపం తెచ్చుకోలేదు, 1995లో లెటర్‌మన్ టీవీ షో కోసం ఆ బ్యాండుతో కలిసి ఆ పాట తనే పాడాడు. ఇక గిటారు సంగతికొస్తే, మధ్యలో వచ్చే సోలో టేపుని వెనక్కి తిప్పి వేసింది, అందుకే ప్రతి స్వరం లోపలికి పీల్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. పాట చివర్లో ఇంకో విశేషం, వేగం బాగా తగ్గిపోతుంది, చాలామంది అది కావాలని చేసిన స్టైలనుకుంటారు. అసలు సంగతి మైక్ మిల్స్‌కి వాయిస్తుండగానే నొప్పి ఎక్కువై నెమ్మదించాడు, మిగతావాళ్లు ఏంటో తెలీక అతనితోపాటే నెమ్మదించారు, తర్వాత చూస్తే అపెండిసైటిస్, ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ టేకుని మళ్లీ రికార్డు చెయ్యలేదు, అలాగే ఉంచేశారు. ఇప్పటి రోజుల్లో కంప్యూటర్లో గీతకి గీత సరిచేసే అలవాటున్నవాళ్లు ఆ చివరి ఇరవై సెకన్లు ఒకసారి వినాలి, నలుగురు మనుషులు ఒకే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇక పదో పాట ‘లెట్ మీ ఇన్’. దీని గురించి రాయకుండా ఈ ఉత్తరం ఆపలేను.

నిర్వాణ అనే గ్రంజ్ బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్‌లో చనిపోయాడు. స్టైప్ అతనికి బాగా దగ్గరివాడు, కొబేన్ కూతురికి గాడ్‌ఫాదర్ (క్రైస్తవ పద్ధతిలో బిడ్డకి పెద్దదిక్కుగా ఉండేవాడు) కూడా. ఇద్దరం కలిసి ఏదన్నా చేద్దాం రమ్మని అతన్ని కుంగుబాటులోంచి బయటికి లాగాలని స్టైప్ ప్రయత్నించాడు, విమానం టిక్కెట్ కూడా పంపాడు, అతను రాలేదు. ఆ వార్త వచ్చేటప్పటికి వీళ్లు ‘మాన్‌స్టర్’ పనిలోనే ఉన్నారు. ఆ ముందు ఏడాది అక్టోబర్లో రివర్ ఫీనిక్స్ అనే యువ నటుడు పోయాడు, అతనూ స్టైప్ స్నేహితుడే, ఆల్బం అతనికే అంకితం చేశారు, అతని చెల్లెలు రెయిన్ ‘బ్యాంగ్ అండ్ బ్లేమ్’ పాటలో గొంతు కలిపింది. ఇద్దరు కుర్రాళ్లు, ఒకరికి 23, ఒకరికి 27. అదీ ఈ ఆల్బం వెనకున్న పరిస్థితి, దీన్ని పట్టుకుని ఫ్యాషన్ కోసం చేశారంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ పాటలో డ్రమ్స్ లేవు, బేస్ లేదు. బేస్ వాయించే మిల్స్ గిటారు తీసుకున్నాడు, దాన్ని ఎంత డిస్టార్షన్‌లో (సౌండుని గరగరలాడించే ఎఫెక్టు) ముంచాడంటే తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలీదు, మొత్తం ఒకే హోరు, ఆ హోరు కింద ఎక్కడో ఆర్గన్ సన్నగా వినబడుతుంది. స్టైప్ గొంతు ఆ హోరుని దాటి రావడానికి పెనుగులాడుతుంది, కొన్నిచోట్ల దాటలేదు. చనిపోయినవాడిని పిలుస్తూ పాడే పాటలో మాటలు అవతలికి చేరకపోవడం కంటే సరైన మిక్సింగ్ ఏముంటుంది చెప్పండి? తర్వాత టూరులో ఈ పాటకి మిల్స్ వాయించింది కొబేన్ సొంత గిటారు, కొబేన్ భార్య కోర్ట్నీ లవ్ బ్యాండుకి ఇచ్చింది. ఎడమచేతి వాటం మనిషి గిటారది. ‘కెన్నెత్’ వీడియోలో బక్ చేతిలో ఉన్నదీ అదే.

మరి ఇంత ఉన్న ఆల్బంకి చెడ్డపేరు ఎందుకొచ్చింది? మొదట్లో రాలేదు. విడుదలైన వెంటనే అమెరికాలో, బ్రిటన్లో నంబర్ వన్, ఒక్క అమెరికాలోనే నలభై లక్షల కాపీల సర్టిఫికెట్ వచ్చింది. ఆ అమ్మకమే కొంప ముంచింది అంటాను నేను. ముందు రెండు ఆల్బంలు విని, అలాంటిదే ఇంకోటి అనుకుని కొన్న లక్షలమంది ఇంటికెళ్లి వేసి చూస్తే గిటారు హోరు, రెండుసార్లు విని పాత సీడీల షాపులో ఇచ్చేశారు. నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో ఏ ఊళ్లో సెకండ్‌హ్యాండ్ సీడీల షాపుకెళ్లినా ‘ఆర్’ అక్షరం దగ్గర నారింజరంగు అట్టలు వరసగా కనబడేవి, మసకమసకగా ఎలుగుబంటి మొహం ఉన్న అట్ట, ఒక డాలరు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. అక్కడున్న తెలుగువాళ్లలో నా వయసువాళ్లకి ఈ దృశ్యం బాగా తెలుసు. ఎక్కడ చూసినా పారేసి ఉన్న వస్తువు మీద ఎవరికీ గౌరవం ఉండదు, వినకుండానే అది చెత్త అని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మేం మాత్రం ఆ డాలరు పెట్టి కొనుక్కొచ్చి ఫ్రెండ్స్‌కి పంచేవాళ్లం.

2019లో పాతికేళ్లయిన సందర్భంగా స్పెషల్ ఎడిషన్ తెచ్చారు. అందులో అసలు ఆల్బంతోపాటు, అప్పటి ప్రొడ్యూసర్ స్కాట్ లిట్ చేతే మొత్తం 12 పాటలూ కొత్తగా రీమిక్స్ చేయించి ఇంకో డిస్కు పెట్టారు. మొదటి మిక్సింగ్ మీద లిట్‌కి ఎప్పటినుంచో అసంతృప్తి ఉంది, మళ్లీ చేసే ఛాన్స్ రాగానే గొంతుని ముందుకి తెచ్చి, గిటార్లని కొన్నిచోట్ల తగ్గించి, అడుగున పడిపోయిన చిన్న చిన్న వాయిద్యాల్ని పైకి తీశాడు. అభిమానులు మళ్లీ వినడం ఊపందుకుంది అప్పట్నించే, గొడవ మొదలైందీ అప్పట్నించే. ఒక వర్గమేమో ఇన్నాళ్లకి మాటలు వినబడుతున్నాయి, ఇదే అసలు ఆల్బం అంటారు. ఇంకో వర్గం, దుమ్ము దులిపే పేరుతో రంగు కూడా దులిపేశారు అంటారు. నేను రెండో వర్గం మనిషిని, అలాగని రీమిక్స్ వినొద్దని అనను, ‘స్ట్రేంజ్ కరెన్సీస్’ లాంటి పాట అందులో హాయిగా ఉంటుంది. కానీ ‘క్రష్ విత్ ఐలైనర్’లో వేషం కట్టినవాడి మీద ట్యూబులైటు వేస్తే వేషం ఏం మిగుల్తుంది?

ఇక్కడ మన తెలుగువాళ్ల చెవి గురించి కూడా ఒకమాట చెప్పాలి. మనకి పాటంటే ముందు సాహిత్యం. సినిమా పాటలో గొంతు అన్నిటికన్నా పైన ఉండాలి, ప్రతి అక్షరం స్పష్టంగా పలకాలి, పలక్కపోతే పెద్దవాళ్లు ఊరుకోరు, ఆ పట్టింపు మంచిదే, మన పాటలు నిలబడింది దానివల్లే. కానీ ఆ చెవితోనే ‘మాన్‌స్టర్’ వింటే సౌండు ఇంజినీరు ఏదో పొరపాటు చేశాడనిపిస్తుంది. గొంతు కూడా వాయిద్యాల్లో ఒక వాయిద్యం అనుకుని వినాలి. నాదస్వరం కచేరీలో మాటలేవని అడగం కదా, రాగం ఎటు పోతోందో చూస్తాం, అలాగే ఇక్కడ గొంతు ఎప్పుడు మునిగింది ఎప్పుడు తేలింది అన్నది చూడాలి. మా వాడు ఇంటర్ చదువుతున్నాడు, యూట్యూబ్ చూసి గిటారు నేర్చుకుంటున్నాడు, వాడికి లిరిక్స్ కాగితం ఇవ్వకుండా ఈ ఆల్బం వినిపించాను, వాడు మాటల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, ఆ సౌండు ఏ పెడల్‌తో వస్తుంది నాన్నా అని మాత్రం పదే పదే అడిగాడు.

కుర్రాళ్ల మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు కొత్తగా వింటున్నవాళ్లలో చాలామంది ‘ద బేర్’ అనే అమెరికన్ వెబ్ సిరీస్ చూసి వచ్చినవాళ్లు. 2023లో వచ్చిన రెండో సీజన్లో ‘స్ట్రేంజ్ కరెన్సీస్’ పాటని గట్టిగా వాడుకున్నారు. తిశ్ర నడకలో ఊగుతూ వెళ్లే పాట, నడక ఇంచుమించు ‘ఎవ్రీబడీ హర్ట్స్’దే, అందుకని 1994లో పాతదాన్నే మళ్లీ చేశారు అని తీసిపారేశారు. నాకైతే ఆ రెండూ పక్కపక్కన వింటే అదే నడక మీద పూర్తిగా వేరే మనిషి కనిపిస్తాడు. అక్కడ ఓదార్చే మనిషి, ఇక్కడ తనని ఎవరో ప్రేమించాలని పట్టుబట్టి, ఆశ చావక, కొంచెం భయం పుట్టించేలా వెంటపడే మనిషి. ఆ కుర్రాళ్లకి గ్రంజ్ గొడవలు తెలీవు, పాత షాపుల్లో అట్టలు తెలీవు, అందుకే సూటిగా పాటే విన్నారు.

ఇందులో ప్రతి పాటా గొప్పదని నేను అనట్లేదు. ‘సర్కస్ ఎన్వీ’ నాకు పెద్దగా ఎక్కలేదు, ‘కింగ్ ఆఫ్ కామెడీ’ సౌండు కొంచెం ఆ కాలానికే అంటుకుపోయింది. ‘ఆటోమేటిక్’ కంటే ఇది పెద్ద ఆల్బం అని కూడా వాదించను. అయితే వాళ్ల కథలో ఇది దారితప్పిన చోటు అన్నది మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే తర్వాతి ఆల్బం ‘న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై’ చాలాభాగం ఈ ‘మాన్‌స్టర్’ టూరులోనే పుట్టింది, స్టేజీల మీద, షో ముందు సౌండ్‌చెక్‌లలో రికార్డు చేసుకుంటూ పోయారు. ఆ టూరు వాళ్లని ఎంత పీల్చిందో కూడా గుర్తుపెట్టుకోవాలి, 1995 మార్చిలో స్విట్జర్లాండ్ లొజాన్‌లో వాయిస్తుండగా బిల్ బెర్రీకి మెదడులో రక్తనాళం చిట్లింది, వెంటనే ఆపరేషన్ చేసి కాపాడారు, మిల్స్‌కి కడుపు ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా, అయినా టూరు పూర్తిచేశారు. రెండేళ్ల తర్వాత, 1997లో, బెర్రీ బ్యాండు వదిలేసి పొలం చూసుకోడానికి వెళ్లిపోయాడు. నలుగురూ కలిసి ఆ గిటారు హోరులో నిలబడిన రోజులు అంతే. అభిమానులు ఇప్పుడు ఈ ఆల్బం మీద ఇంత ప్రేమ చూపించడానికి అది కూడా ఒక కారణం అనుకుంటున్నా.

నా విన్నపం ఏంటంటే, మీ అనుబంధంలో మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఎక్కువమందికి తెలిసిన రెండు పాటలకి సగం పేజీ ఇచ్చినా ఫర్వాలేదు, ఇలాంటి ఆల్బం ఒకటి తీసుకుని మిగతా సగం దానికి ఇవ్వండి. చదివేవాళ్లు ఉన్నారు, మా ఊళ్లోనే గిటారు నేర్పే చోట సాయంత్రం పూట పిల్లలు నిలబడటానికి చోటుండదు. ఇక పాఠకులకి, వినేటప్పుడు ముందు 1994 నాటి మిక్సే వినండి, స్ట్రీమింగ్ యాప్‌లలో రెండూ ఉంటాయి, రీమిక్స్ అని రాసి ఉన్నది తర్వాత పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో వద్దు, అందులో గిటారు కింది సౌండంతా పోయి గొంతు ఒక్కటే గీ అని మిగుల్తుంది, ఇంట్లో పాత స్పీకర్లుంటే వాటికి తగిలించండి. మొత్తం 49 నిమిషాలే. మొదటిసారికి అంత ఓపిక లేకపోతే రెండు, ఆరు, పది నంబర్ల పాటలు ఆ వరసలోనే వినండి, నచ్చకపోతే మీ పేపర్‌కే ఉత్తరం రాయండి, నేను జవాబిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు